90 శాతం పూర్తి అంటే పని జరుగుతుందనేనా? సూక్ష్మజీవుల జీవక్రియా మార్గాలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌పై ఒక విశ్లేషణ

తిరుపతి, చిత్తూరు జిల్లాల ఎర్రనేలల్లో వానాధారంగా పండే వేరుశనగకు కావలసిన నత్రజనిలో చాలా భాగం గాలి నుంచే అందుతుంది. మొక్కను పీకి చూస్తే వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు ఇస్తుంది, మొక్క నుంచి ఆహారం తీసుకుంటుంది. విత్తే ముందు బెల్లం నీళ్లతో రైజోబియం పొడిని గింజలకు పట్టించేది ఇందుకే.

ఒక చేనులోని బాక్టీరియాకు ఈ పని చేతనవుతుందా లేదా అని తెలుసుకోవడానికి ఇప్పుడు పరిశోధకులు చాలాసార్లు ముందుగా చూసేది దాని జీనోమ్‌ను, అంటే దాని మొత్తం డీఎన్ఏను. డీఎన్ఏ చదివించి ఆ డేటాను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే ఒక పట్టిక వస్తుంది. గ్లూకోజ్‌ను విరగ్గొట్టే దారి 90 శాతం, నత్రజని స్థిరీకరణ 100 శాతం, ఫలానా విటమిన్ తయారీ 60 శాతం అంటూ వరుసగా అంకెలు ఉంటాయి. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల, వెటర్నరీ యూనివర్సిటీ, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ ఉన్న తిరుపతిలో, దాని చుట్టుపక్కల ఇలాంటి పట్టికతో పని పడే విద్యార్థులు తక్కువేమీ కాదు. సాఫ్ట్‌వేర్ నడపడం వాళ్లకు కష్టం కాదు. వచ్చిన శాతాన్ని చదవడమే కష్టం. ఎందుకంటే ఆ అంకెలో బాక్టీరియా ఒక్కటే లేదు. డీఎన్ఏ ఎంత బాగా చదివారు, డేటాబేస్‌లో ఏముంది, ఏ కొలతకు ‘ఉంది’ అన్నారు అనేవన్నీ అందులో కలిసి ఉన్నాయి. ఒక మెట్టు కనబడకపోతే ఆ లోటు వీటిలో ఎవరిదో తేల్చకుండా ఆ శాతం మీద ఏ నిర్ణయమూ కట్టకూడదు.

లెక్క ఎలా వేస్తారు

జీవకణంలో ఒక పదార్థం ఇంకో పదార్థంగా మారడానికి సాధారణంగా చాలా మెట్లు ఉంటాయి. మెట్టుకో ఎంజైమ్, ఎంజైమ్‌కు ఒకటో రెండో జన్యువులు. ఈ మెట్ల వరుసనే జీవక్రియా మార్గం, పాత్‌వే అంటున్నాం. వీటిని పద్ధతిగా రాసిపెట్టిన డేటాబేస్‌లలో ఎక్కువగా వాడేది కెగ్. జపాన్‌లోని క్యోటో యూనివర్సిటీలో మినోరు కనెహిసా 1995లో మొదలుపెట్టారు. వేర్వేరు జీవుల్లో ఒకే పని చేసే జన్యువులన్నిటికీ కలిపి అందులో ఒక ‘కె’ నంబరు ఇస్తారు. కొన్ని ‘కె’ నంబర్లను వరుసలో పేర్చి ఒక పూర్తి పనిగా నిర్వచిస్తే అది మాడ్యూల్. అలాంటి మాడ్యూళ్లు నాలుగు వందలకు పైగా ఉన్నాయి.

మాడ్యూల్ నిర్వచనం చూడటానికి గణిత సూత్రంలా ఉంటుంది. రెండు నంబర్ల మధ్య ఖాళీ ఉంటే రెండు మెట్లూ కావాలని అర్థం. కామా ఉంటే రెంటిలో ఏదో ఒకటి చాలు. కూడిక గుర్తు ఉంటే అవన్నీ కలిసి ఒకే ఎంజైమ్‌గా ఏర్పడతాయి. తీసివేత గుర్తున్నది ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. సాఫ్ట్‌వేర్ చేసే పని మూడు దశల్లో సాగుతుంది. మొదట ప్రోడిగల్ లాంటి ప్రోగ్రామ్ డీఎన్ఏలో జన్యువులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో గుర్తిస్తుంది. తర్వాత కోఫామ్‌స్కాన్ లాంటిది ఒక్కో ప్రొటీన్‌ను ఇరవై వేలకు పైగా నమూనాలతో పోల్చి ‘కె’ నంబరు కేటాయిస్తుంది. చివరికి ఆ నంబర్ల జాబితాను మాడ్యూల్ నిర్వచనాలతో సరిచూసి ఎన్ని మెట్లు దొరికాయో చెబుతారు. కెగ్ డీకోడర్, మైక్రోబ్‌అనోటేటర్, డ్రామ్, మెటబాలిక్, అన్వియో ఇవన్నీ ఈ చివరి పనిని తలా ఒక తీరులో చేస్తాయి.

ఆ తీరుల్లోని తేడా చిన్నది కాదు. గ్లూకోజ్‌ను విరగ్గొట్టే దారి పేరు గ్లైకాలిసిస్. పాఠ్యపుస్తకం ప్రకారం అందులో పది మెట్లు. కానీ బాక్టీరియాలా కనిపించినా వేరే వర్గానికి చెందిన సూక్ష్మజీవులైన ఆర్కియాల్లో కొన్ని ఆరో మెట్టునూ ఏడో మెట్టునూ ఒకే ఎంజైమ్‌తో దాటేస్తాయి. ఆ దారిలో లెక్కిస్తే మొత్తం తొమ్మిదే. భాగహారంలో కింద ఉండే అంకే మారిపోతే శాతం మారదా? అన్వియో అందుకే రెండు లెక్కలు ఇస్తుంది. మొదటిది ఒక మాడ్యూల్‌లో సాధ్యమైన దారులన్నీ విడదీసి ఒక్కోదాన్ని విడిగా కొలుస్తుంది, రెండోది పెద్ద మెట్లను మాత్రమే చూసి అవి ఉన్నాయా లేవా అని కొలుస్తుంది. ఒకే జీనోమ్‌కు ఈ రెండూ వేర్వేరు అంకెలు ఇవ్వొచ్చు, రెండూ సరైనవే కావచ్చు. ఇక కెగ్ సొంత వెబ్ సాధనం శాతం జోలికే వెళ్లదు. ‘పూర్తి’, ‘ఒక భాగం లేదు’, ‘రెండు భాగాలు లేవు’ అని మాత్రమే చెబుతుంది. చాలా సందర్భాల్లో ఈ పద్ధతే మంచిది. చూసేవాడు వెంటనే ‘ఏ భాగం లేదు?’ అని అడుగుతాడు.

శాతం ఆ ప్రశ్నను అడగనివ్వదు. అన్వియోలో మామూలుగా 75 శాతం దాటితే ఆ మాడ్యూల్ ‘ఉంది’ అని లెక్క. మూడు మెట్ల మాడ్యూల్‌లో ఒకటి దొరక్కపోతే 67 శాతం, అంటే లేదన్నట్టు. పది మెట్లలో రెండు దొరక్కపోతే 80 శాతం, అంటే ఉన్నట్టు. రెండు మెట్లు తెగిపోయిన దారి పాసై, ఒక్కటి తెగినది ఫెయిల్ అవుతుంది. ఈ హద్దును వాడేవాళ్లు తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. మార్చాలని గుర్తుండేది మాత్రం కొద్దిమందికే.

అన్ని మెట్లూ సమానం కాదు

తెగుళ్లకు విరుగుడుగా రైతులు వాడే సూడోమోనాస్‌నే తీసుకుందాం. ఈ జాతి బాక్టీరియాలో గ్లైకాలిసిస్ మాడ్యూల్ దాదాపు నిండుగా కనిపిస్తుంది. లేనిది సాధారణంగా ఒక్క ఎంజైమే, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్. పదికి తొమ్మిది, 90 శాతం. పరీక్ష మార్కులైతే డిస్టింక్షన్. కానీ గ్లూకోజ్ ఆ దారిలో కిందికి దిగాలంటే ఆ ఎంజైమ్ లేకుండా కుదరదు. కాబట్టి సూడోమోనాస్ ఎంట్నర్-డౌడొరాఫ్ అనే వేరే దారిలో గ్లూకోజ్‌ను వాడుకుంటుంది. మిగతా తొమ్మిది ఎంజైమ్‌లు ఉన్నదెందుకంటే, వాటిలో కొన్ని ఆ రెండో దారికీ అవసరం, మరికొన్ని పైకి ఎదురు నడిచి చక్కెరలు తయారుచేసుకోవడానికి అవసరం. అలిపిరి మెట్ల దారిలో కనబడలేదని ఒక భక్తుడు కొండెక్కలేదని ఎలా అంటాం? శ్రీవారి మెట్టు దారిలో వెళ్లి ఉండొచ్చు. ఒక మాడ్యూల్ శాతాన్ని దాని పక్కనున్న ప్రత్యామ్నాయ మాడ్యూల్‌తో కలిపి చూడకపోతే జరిగే పొరపాటు ఇదే.

మొత్తం దారిని ఒకే జన్యువు పట్టిచ్చే సందర్భాలూ ఉన్నాయి. ఆవు కడుపులో మీథేన్ తయారుచేసే ఆర్కియాల విషయంలో ఎంసీఆర్‌ఏ అనే జన్యువు అలాంటిది. పాడి మీద బతికే చిత్తూరు పల్లెల్లో ఆవుల మొదటి పొట్ట మీద పనిచేసే విద్యార్థి మీథేన్ మాడ్యూల్ 70 శాతం ఉందని సంబరపడే ముందు ఆ జన్యువు ఉందో లేదో చూడాలి. ముందు మెట్లలో చాలావాటిని మీథేన్ తయారుచేయని జీవులు కూడా వాడుకుంటాయి.

ఆవు పొట్ట విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. పొట్టలోని జీవులన్నిటి డీఎన్ఏను కలిపి ఒకే మూటగా లెక్కిస్తే చాలా మాడ్యూళ్లు 100 శాతమే చూపిస్తాయి. పీచును విడగొట్టేది ఒక జీవి, అప్పుడు వచ్చే హైడ్రోజన్‌ను మీథేన్‌గా మార్చేది ఇంకో జీవి. మొత్తం కలిపి చూస్తే పని జరుగుతున్నట్టు తెలుస్తుంది కానీ ఎవరు చేస్తున్నారో తెలియదు. ఒక దారిలో సగం మెట్లు ఒక జీవిలో, మిగతా సగం దాని దగ్గరికి ఎన్నడూ చేరని ఇంకో జీవిలో ఉన్నా సాఫ్ట్‌వేర్ వాటిని అతికించి ‘పూర్తి’ అంటుంది.

జీనోమే సగం ఉంటే

మట్టి నుంచి, పేడ నుంచి నేరుగా తీసిన డీఎన్ఏలోని ముక్కలను కంప్యూటర్‌లో కలిపి ఒక్కో జీవి జీనోమ్‌ను కూర్చడం ఇప్పుడు మామూలైపోయింది. ఇలా కూర్చిన జీనోమ్‌లు చాలావరకు అసంపూర్ణం. ఎంత అసంపూర్ణమో చెక్‌ఎమ్ లాంటి సాధనం అంచనా వేస్తుంది. దాదాపు ప్రతి బాక్టీరియాలోనూ ఒక్కొక్కటే ఉండే కొన్ని జన్యువులను వెతికి, వాటిలో ఎన్ని దొరికాయో చూస్తుంది. 2017లో కుదిరిన ప్రమాణాల ప్రకారం 90 శాతానికి పైగా పూర్తిగా, 5 శాతం లోపు కల్తీతో (వేరే జీవుల డీఎన్ఏతో) ఉంటే మేలురకం జీనోమ్‌కు ముఖ్యమైన షరతు తీరినట్టు. 50 శాతం పూర్తి, 10 శాతం లోపు కల్తీ ఉంటే మధ్యరకం.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడాలి. బాక్టీరియాలో పది మెట్ల దారి నిజంగా మొత్తం ఉంది. మన చేతిలోని జీనోమ్ 90 శాతం పూర్తి. ఒక్కో జన్యువు దొరికే అవకాశం 90 శాతం అనుకుంటే, పదికి పదీ దొరికే అవకాశం 35 శాతమే. జీనోమ్ 70 శాతమే పూర్తయితే ఆ అవకాశం మూడు శాతానికి లోపు పడిపోతుంది. అంటే మధ్యరకం జీనోమ్‌లో ఒక పొడవైన దారి అసంపూర్ణంగా కనబడటం సహజం, పూర్తిగా కనబడితేనే విశేషం. పదిహేను జీనోమ్‌ల శాతాలను రంగుల గళ్లుగా చూపే హీట్‌మ్యాప్ గీసి లేత రంగు గళ్లను చూపిస్తూ ‘ఈ జీవులు ఈ సామర్థ్యాన్ని కోల్పోయాయి’ అని రాసేవాళ్లు పక్కన జీనోమ్ సంపూర్ణత వరుసను కూడా పెట్టాలి. చాలాసార్లు లేత రంగు అంతా తక్కువ సంపూర్ణత ఉన్న జీనోమ్‌ల దగ్గరే పోగుపడి ఉంటుంది.

నిజానికి జన్యువులు ఒక్కొక్కటిగా విడివిడిగా జారిపోవు. పక్కపక్కన ఉన్నవి గుంపుగా పోతాయి. వేరుశనగ బాక్టీరియా దగ్గర ఇది అసలు చిక్కు. దాని దగ్గరి చుట్టమైన సోయా బ్రాడీరైజోబియం యూఎస్‌డీఏ 110 రకం జీనోమ్‌ను జపాన్‌లో 2002లో పూర్తిగా చదివారు. అందులో 91 లక్షల అక్షరాలు, 8,317 జన్యువులు ఉన్నాయి. బుడిపెలు కట్టడానికీ నత్రజనిని పట్టడానికీ కావలసిన జన్యువుల్లో ఎక్కువ భాగం దాదాపు 6 లక్షల 80 వేల అక్షరాల ఒకే దిబ్బలో, అంటే జీనోమ్‌లో ఒకేచోట గుంపుగా ఉన్నాయి. ఇలాంటి దిబ్బలు ఒక బాక్టీరియా నుంచి ఇంకోదానికి బదిలీ అవుతుంటాయి. అందుకే వాటి డీఎన్ఏ అక్షరాల పోకడ మిగతా జీనోమ్‌తో సరిగ్గా కలవదు. ముక్కలను జీవుల వారీగా వేరుచేసే ప్రోగ్రామ్ ఆ పోకడనే ఆధారం చేసుకుంటుంది కనుక, ఈ దిబ్బ వేరే జీవిదనుకుని బయటికి నెట్టేసే ప్రమాదం ఉంది. చెక్‌ఎమ్ వెతికే జన్యువులు సాధారణంగా ఈ దిబ్బలో ఉండవు. కాబట్టి జీనోమ్ 97 శాతం పూర్తి అని వస్తుంది, నత్రజని మాడ్యూల్ సున్నా అని వస్తుంది, ఆ రెండు అంకెలూ పక్కపక్కనే పెట్టి చూసినవాళ్లు ‘ఈ బ్రాడీరైజోబియం నత్రజనిని పట్టలేదు’ అని తేల్చేస్తారు. ఏ సాఫ్ట్‌వేరూ అబద్ధం చెప్పలేదు. అయినా తేల్చిన మాట తప్పు కావచ్చు.

పొడవైన రీడ్లు (ఒక్కసారికి చదివే డీఎన్ఏ ముక్కలు) ఇచ్చే నానోపోర్ సీక్వెన్సింగ్‌తో ఈ బాధ చాలావరకు తగ్గింది. దానికి దాని ఇబ్బందులు ఉన్నాయి. ఒకే అక్షరం వరుసగా పదేపదే వచ్చే చోట లెక్క తప్పితే జన్యువు మధ్యలో తెగినట్టు కనిపిస్తుంది, ఆ మెట్టు లేదని పట్టికలో పడుతుంది.

డేటాబేస్‌కు తెలియనిది, పక్కవాళ్లు తీర్చేది

సయనోబాక్టీరియాలో సిట్రిక్ ఆమ్ల చక్రం అనే జీవక్రియా మార్గం అసంపూర్ణమని దశాబ్దాల పాటు పుస్తకాల్లో రాశారు. ఒక ఎంజైమ్ ఎవరికీ దొరకలేదు మరి. 2011లో సైనెకోకాకస్ అనే సయనోబాక్టీరియా మీద పనిచేసిన పరిశోధకులు ఆ పనిని వేరే రెండు ఎంజైమ్‌లు చేస్తున్నాయని చూపించారు. లోటు జీవిలో లేదు, మన జాబితాలో ఉంది. బాగా చదివిన ఈ. కొలై లాంటి వాటికి డేటాబేస్ బాగా సరిపోతుంది. మన నేలల్లో, చెరువుల్లో ఉన్న, ఇంతవరకు ఎవరూ పెంచి చూడని జీవులకు అది అంతగా సరిపోదు. వాటి ప్రొటీన్లు నమూనాలకు కొంచెం దూరంగా ఉంటాయి, కోఫామ్‌స్కాన్ పెట్టిన కనీస స్కోరును ఒక్కోసారి కొద్దిలో అందుకోలేవు. అలా అంచులో తప్పిపోయినవాటిని తిరిగి పట్టుకోవడానికి అన్వియో ఆ స్కోరును కొన్ని షరతులతో సడలిస్తుంది. గ్యాప్‌సెక్ లాంటి ప్రోగ్రామ్‌లు ఇంకో అడుగు ముందుకేసి, జీవి బతకాలంటే ఈ చర్య ఉండి తీరాలి కాబట్టి ఉందనుకుందాం అని ఖాళీని పూరిస్తాయి. జీవి పెరుగుదలను లెక్కగట్టే మోడల్‌కు అది అవసరమే. కానీ పూరించిన మెట్టును కనిపెట్టిన మెట్టుగా రిపోర్టులో రాయకూడదు.

కొన్ని లోట్లు నిజమైనవే. వాటిలోనే అన్నిటికంటే అందమైన విషయం దాగి ఉంది. నత్రజనిని పట్టే ఎంజైమ్ నైట్రోజనేజ్. దాని నడిబొడ్డున ఇనుము, మాలిబ్డినమ్ ఉన్న ఒక భాగం ఉంటుంది. దాని తయారీకి హోమోసిట్రేట్ అనే పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే జన్యువు నిఫ్‌వి. రైజోబియం జాతుల్లో చాలావాటికి ఆ జన్యువు లేదు. మరి అవి బుడిపెలో నత్రజనిని ఎలా పడుతున్నాయి? 2009లో లోటస్ జపోనికస్ అనే పప్పుజాతి మొక్క మీద చేసిన పరిశోధన దీనికి జవాబు చెప్పింది. హోమోసిట్రేట్‌ను మొక్కే తయారుచేసి బుడిపెలోని బాక్టీరియాకు ఇస్తుంది. బాక్టీరియా జీనోమ్‌ను ఎంత శ్రద్ధగా చదివినా ఆ మెట్టు దొరకదు, ఎందుకంటే అది మొక్క జీనోమ్‌లో ఉంది.

వేరుశనగను పీడించే పేనుబంక జాతి పురుగుల్లోనూ ఇలాంటి కాపురమే కనిపిస్తుంది. ఈ పురుగుల ఒంట్లో బుక్‌నెరా అనే బాక్టీరియా ఉంటుంది. బఠాణీ పేనుబంకలోని బుక్‌నెరా జీనోమ్‌ను 2000లో చదివితే అది 6 లక్షల 40 వేల అక్షరాలే ఉంది, ఈ. కొలై జీనోమ్‌లో ఏడో వంతు. పురుగుకు అత్యవసరమైన అమైనో ఆమ్లాలను ఈ బాక్టీరియా తయారుచేస్తుంది. అయినా లూసిన్ లాంటి కొన్నింటి తయారీలో చివరి మెట్టు దానిలో లేదు, ఆ మెట్టును పురుగు ఎంజైమ్ పూర్తిచేస్తుంది. పట్టికలో చూస్తే పాడైపోయిన దారిలా కనబడే ఈ లోటు నిజానికి ఇద్దరి మధ్య చాలా పాతకాలపు ఒప్పందం. సహజీవనం చేసే జీవుల్లో ‘ఏ మెట్టు లేదు’ అనేది ‘ఎన్ని మెట్లు ఉన్నాయి’ అనేదానికంటే ఎక్కువ చెబుతుంది.

ఉన్నట్టు కనబడి లేకపోవడం కూడా జరుగుతుంది. కెగ్‌లో నత్రజని స్థిరీకరణ మాడ్యూల్ చూసేది నైట్రోజనేజ్ ముక్కలకు సంబంధించిన నిఫ్‌హెచ్, నిఫ్‌డి, నిఫ్‌కె లాంటి జన్యువులనే. ఆ ఎంజైమ్ నడిబొడ్డును నిర్మించే నిఫ్‌ఇ, నిఫ్‌ఎన్, నిఫ్‌బి లేకుండా ఎంజైమ్ మామూలుగా పనిచేయదు. అందుకే నత్రజనిని పడుతుందని అనుమానించడానికి కనీసం ఈ ఆరూ ఉండాలని 2012లో ఒక ప్రతిపాదన వచ్చింది. పైగా పత్రహరితం తయారీలో ఉండే ఒక ప్రొటీన్ నిఫ్‌హెచ్‌కు దగ్గరి పోలికతో ఉంటుంది, స్కోరు హద్దు వదులుగా పెడితే అదీ నిఫ్‌హెచ్‌గా లెక్కలోకి వచ్చేస్తుంది. వరిమడి మట్టి మీద పనిచేసేవాళ్లకు ఇంకో ముఖ్యమైన చిక్కు ఉంది. అమ్మోనియాను ఆక్సీకరించే ఎంజైమ్‌కూ మీథేన్‌ను ఆక్సీకరించే ఎంజైమ్‌కూ కెగ్ ఒకే నంబరు ఇచ్చింది, కె10944. వరి పొలంలోని మీథేన్ తినే బాక్టీరియాకు సగం నైట్రిఫికేషన్ (అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చడం) కూడా వచ్చని పట్టిక చూపిస్తే నమ్మకూడదు. ఈ చోట ఆ జన్యువు వంశవృక్షం గీసి చూడటమే దారి.

ఇన్ని జాగ్రత్తలు చెప్పినంత మాత్రాన ఈ పద్ధతిని తక్కువ చేసినట్టు కాదు. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చేది ఒక రకం జీవి, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేది ఇంకో రకం అని పందొమ్మిదో శతాబ్దం చివరలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త వినోగ్రాద్‌స్కీ చేసిన పరిశోధనల నుంచి అందరూ నమ్మారు. 2015లో రెండు బృందాలు నైట్రోస్పైరా అనే బాక్టీరియా జీనోమ్‌లలో రెండు దశల జన్యువులూ ఒకే జీవిలో ఉన్నాయని గమనించాయి. దారి మొత్తం ఒకేచోట కనబడటం వల్లే రెండు దశలనూ ఈ ఒక్క జీవే దాటుతుందేమోనన్న అనుమానం బలపడింది, తర్వాత అది నిజమని తేలింది. సంపూర్ణత లెక్క ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రిపోర్టులో ఏం రాయాలి? డేటాబేస్‌ను ఏ తేదీన దించుకున్నారు, ఏ ప్రోగ్రామ్ ఏ వెర్షన్, స్కోరు హద్దు ఎంత, జీనోమ్ ఎంత పూర్తి అన్నవి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, దొరకని మెట్ల పేర్లు ఉండాలి. తేదీ ఎందుకంటే, కెగ్ నిర్వచనాలు మారుతూనే ఉంటాయి. కెగ్ ఫైళ్లను మొత్తంగా దించుకోవడానికి 2011 నుంచి చందా కట్టాలి కాబట్టి చాలా ల్యాబుల్లో పాత కాపీలే తిరుగుతుంటాయి. కోఫామ్ నమూనాలు మాత్రం ఉచితం, వాటితో మామూలు ల్యాప్‌టాప్ మీద ఒక బాక్టీరియా జీనోమ్‌ను లెక్కించవచ్చు.

‘ఉంది’ అనడానికి కావలసిన ఆధారం వేరు, ‘లేదు’ అనడానికి కావలసింది వేరు. ఒక మెట్టు లేదని గట్టిగా చెప్పాలంటే మొదలూ చివరా కలిసిన, ఎక్కడా తెగని జీనోమ్ కావాలి. మట్టి నుంచి కూర్చిన ముక్కలతో ఆ మాట చెప్పలేం. వేరుశనగ విషయంలో అదృష్టం ఏమిటంటే బుడిపెలోని బ్రాడీరైజోబియం ల్యాబులో పెరుగుతుంది. ఈస్ట్ సారం, మానిటాల్ కలిపిన అగార్ మీద నిదానంగా, వారం దాకా తీసుకుని అయినా కాలనీలు కడుతుంది. అలా వేరుచేసిన ఒక్క రకం నుంచి పొడవైన రీడ్లతో పూర్తి జీనోమ్ తీసి, అప్పుడు మాడ్యూళ్లు లెక్కగడితే సున్నా అంటే సున్నాయే అనుకోవచ్చు. ఆ తర్వాత కూడా జన్యువులు ఉండటం వేరు, అవి పనిచేయడం వేరు. నత్రజని జన్యువులన్నీ ఉన్న ఇదే బాక్టీరియా బుడిపె బయట, మట్టిలో ఉన్నప్పుడు సాధారణంగా ఆ పని చేయదు. యూరియా ఎక్కువ వేసిన చేలో బుడిపెలే సరిగ్గా కట్టవు. కాబట్టి పట్టికలో 100 శాతం వచ్చిన రకాన్ని కుండీలో వేరుశనగ మొక్కకు పట్టించి, పూత దశలో పీకి, బుడిపెను బ్లేడుతో కోసి చూడాలి. లోపల ఎర్రగా ఉంటే నత్రజని పని నడుస్తున్నట్టు, తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే నడవనట్టు. జీనోమ్ పట్టిక పక్కన ఈ ఫలితానికీ ఒక వరుస ఉంచాలి.